28 లక్షల అడ్వాన్సు, సంతకం పెట్టని చెల్లెలు

గుంటూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 54, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. పేరు వేయవద్దన్నారు. ఆయన చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ.

2023 ఆగస్టు 14న, నంబూరు వైపు ఉన్న 300 గజాల ఇంటి స్థలాన్ని గజం 16,000 చొప్పున 48 లక్షలకు కొనడానికి అగ్రిమెంటు రాయించుకున్నారు. అమ్మే మనిషి పరాయివాడు కాదు. భార్య పెదనాన్న కొడుకు, ఈయనకు బావ వరస. వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకున్నారు, రిజిస్టరు చేయించలేదు. ఆరు నెలల్లో మిగతా సొమ్ము కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలని, అమ్మేవాళ్లు మాట తప్పితే అడ్వాన్సుకు రెట్టింపు ఇవ్వాలని షరతు. అగ్రిమెంటు రోజున 5 లక్షలు ఆర్టీజీఎస్ చేశారు. అక్టోబరులో 12 లక్షలకు చెక్కు ఇచ్చారు. 2024 జనవరిలో 7 లక్షలు నగదుగా ఇచ్చి అగ్రిమెంటు వెనక సంతకంతో చెల్లు వేయించుకున్నారు. అదే నెలలో మరో 4 లక్షలు మధ్యవర్తి చేతికిచ్చారు. దానికి ఉన్నదల్లా 'ముట్టాయి బావా' అన్న వాట్సాప్ మెసేజీ ఒక్కటే. మొత్తం 28 లక్షలు.

తీరా రిజిస్ట్రేషన్ దగ్గరికి వచ్చేసరికి తేలిందేమిటంటే, స్థలం ఆ బావ తండ్రి కొన్నది. తండ్రి వీలునామా రాయకుండా పోయారు, తల్లి అంతకు ముందే లేరు. తెనాలిలో ఉన్న చెల్లెలికి సగం వాటా ఉంది. ఆమె సంతకం పెట్టనంటోంది. "నన్నడక్కుండా అమ్మాడు. నా సగానికి ఇప్పటి రేటు ఇస్తే అప్పుడు చూద్దాం" అంటోందట. ఇప్పుడు అక్కడ గజం 26,000 చెబుతున్నారు.

బావ మూడు దారులు చూపిస్తున్నారు. వచ్చే జులై నుంచి నెలకు 2 లక్షల చొప్పున 14 నెలల్లో వడ్డీ లేకుండా 28 లక్షలు వాపసు, లేదా తాడికొండ వైపు వెంచరులో 200 గజాల ప్లాటు, లేదా స్థలం మొత్తానికీ ఇప్పటి రేటు ఇస్తే చెల్లెల్ని తానే ఒప్పిస్తానని. ఈలోగా మన పాఠకుడికి మధ్యవర్తి కమీషన్ 48,000, స్థలం చుట్టూ రాళ్లు పాతించి కంచె వేయించడానికి 62,000 ఖర్చయ్యాయి. 6 లక్షల బంగారం లోను మీద వడ్డీ ఇంకా నడుస్తోంది. "నా డబ్బు, నా ఖర్చులు ఎలా రాబట్టుకోవాలి? కోర్టుకు వెళ్తే పుట్టింటి గడప తొక్కలేనని మా ఆవిడ ఏడుస్తోంది" అని ముగించారు.

మీ ఉత్తరంలో రేటు గురించి రెండు పేజీలున్నాయి, తేదీ గురించి ఒక్క వాక్యం ఉంది. నేను తేదీతో మొదలుపెడతాను.

అగ్రిమెంటులో ఆరు నెలల గడువు రాసుకున్నారు కాబట్టి అది 2024 ఫిబ్రవరి 14తో ముగిసింది. రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టును అడిగే హక్కుకు కాలపరిమితి చట్టం మూడేళ్లు ఇస్తుంది. ఒప్పందంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచే లెక్క. అంటే మీకు 2027 ఫిబ్రవరి 14 దాకా ఉంది. ఆ రోజు ఆదివారం. కోర్టుకు సెలవైతే తెరిచిన రోజున దావా వేయవచ్చు, కానీ అంతదాకా లాగే పని పెట్టుకోకండి. "ఇంకో రెండు నెలలాగు బావా" అని ఆయన నోటితో అన్న మాటలు ఈ లెక్కను మార్చవు. అగ్రిమెంటు వెనక ఎక్కడైనా గడువు పొడిగిస్తూ ఆయన సంతకంతో రాత ఉంటే మాత్రం లెక్క మారుతుంది. ఒరిజినల్ తీసి ప్రతి పేజీ వెనకా చూడండి.

ఇప్పుడు బావ చెప్పిన వాయిదాలను ఈ తేదీ పక్కన పెట్టి చూడండి. జులై నుంచి ప్రతి నెలా 5వ తేదీన 2 లక్షలు ఇచ్చారనుకుందాం. ఫిబ్రవరి వాయిదాతో మీ చేతికి 16 లక్షలు వస్తాయి. పది రోజుల తర్వాత స్థలం అడిగే హక్కు పోతుంది. మార్చిలో ఆయన ఫోను ఎత్తకపోతే 12 లక్షలకు మీ దగ్గర మిగిలేది బాకీ కథే. ఆయన కావాలని ఇలా లెక్క వేశారని నేననను. చాలామందికి ఈ తేదీ సంగతే తెలియదు. కానీ తెలియక వేసినా ఉచ్చు ఉచ్చే.

రెండో ముడి చెల్లెలు. 'పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం, దానికి వాటా లేదు' అని మీ బావ అంటున్నారని రాశారు. అది ఇంట్లో చెల్లే మాట, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చెల్లదు. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు, తల్లి లేరు, ఉన్నది కొడుకూ కూతురే. అప్పుడు చెరి సగం. కట్నం ఇచ్చినంత మాత్రాన ఆ సగం పోదు. ఆమె హక్కు వదులుకోవాలంటే రిజిస్టరైన విడుదల దస్తావేజు ఉండాలి. లేదని మీరే రాశారు.

అంటే మీరు రేపు కోర్టుకు వెళ్లి 300 గజాలూ రిజిస్టరు చేయించమని అడిగినా, అగ్రిమెంటులో సంతకం లేని ఆమెను కోర్టు బలవంతపెట్టదు. ఆయన వాటా వరకే, అంటే 150 గజాల వరకే మీ పట్టు. ఇక్కడ మీకు ఎవరూ చెప్పని ఒక దారి ఉంది. అమ్మేవాడు మొత్తం ఇవ్వలేనప్పుడు, ఇవ్వగలిగిన భాగం చాలు, మిగతా భాగం మీద హక్కు వదులుకుంటానని కొనేవాడు అంటే, ఆ భాగానికి రిజిస్ట్రేషన్ చేయించమని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టు ఆదేశించవచ్చు. 150 గజాలకు 16,000 చొప్పున 24 లక్షలు. మీ దగ్గర గట్టి కాగితం ఉన్న సొమ్ము ఎంత? 5, 12, 7 కలిపితే సరిగ్గా 24 లక్షలు. వాట్సాప్ మెసేజీ మీద ఉన్న 4 లక్షలు విడిగా వాపసు అడగవలసినవి.

దీనికి ఖరీదు లేకపోలేదు. మీకు వచ్చేది విడదీయని సగం. ఏ వైపు ముక్క మీదో తేలాలంటే చెల్లెలితో పంపకం జరగాలి. ఆమె ఒప్పుకోకపోతే పంపకం దావా ఇంకొకటి. విడదీయని వాటాను మార్కెట్లో గజం 26,000కు ఎవరూ కొనరు, బ్యాంకు దాని మీద లోనూ సులభంగా ఇవ్వదు. ఐదారేళ్లు ఆగగలిగినవాడికి ఇది లాభం. బంగారం లోను మీద వడ్డీ కడుతున్నవాడికి కాదేమో. మీ కొట్టు పరిస్థితి మీకే తెలుసు.

ఇక రుజువుల సంగతి. అగ్రిమెంటు రిజిస్టరు కాలేదని బెంగ పడ్డారు. ఆంధ్రలో 1999 నుంచి స్థిరాస్తి అగ్రిమెంటుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి, నిజమే. అయినా రిజిస్ట్రేషన్ చేయించమని వేసే దావాలో రిజిస్టరు కాని అగ్రిమెంటును కూడా ఒప్పందానికి ఆధారంగా తీసుకుంటారు. అసలు ప్రమాదం స్టాంపు దగ్గర ఉంది. 'స్థలం స్వాధీనం చేశాము' అన్న మాట అగ్రిమెంటులో ఎక్కడైనా ఉందా? ఉంటే ఆ కాగితానికి అమ్మకం దస్తావేజుకు కట్టినట్టే డ్యూటీ కట్టాలి. 48 లక్షల మీద 5 శాతం అంటే 2,40,000. మీరు కట్టింది వంద. లోటు డ్యూటీ, దాని మీద పది రెట్ల దాకా జరిమానా కడితేగాని కోర్టు ఆ కాగితాన్ని ముట్టుకోదు. పది రెట్లంటే 24 లక్షలు, మళ్లీ అదే అంకె. అందుకే ఆ కంచె గురించి ఎవరితోనైనా రాతలో మాట్లాడేటప్పుడు జాగ్రత్త. 'అగ్రిమెంటు ప్రకారం స్వాధీనం తీసుకుని కంచె వేశాను' అని నోటీసులో ఒక్క వాక్యం రాస్తే ఎదుటి వకీలు దాన్నే పట్టుకుంటాడు. 62,000 రాబట్టుకోబోయి అంతకంటే పెద్ద తలనొప్పి తెచ్చుకోవద్దు. మీ వకీలుకు ముందుగా చెప్పవలసిన మాట ఇది.

నగదు గురించి కూడా సూటిగా చెప్పాలి. స్థిరాస్తి లావాదేవీలో 20,000 లేదా అంతకు మించి అడ్వాన్సు నగదుగా పుచ్చుకోకూడదని 2015 జూన్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలో ఉంది. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. ఇది మీ బావ మెడ మీద కత్తి. అలాగని మీరు హాయిగా ఉండటానికి లేదు. స్థిరాస్తికి 2 లక్షలు, ఆపైన నగదు ఇచ్చామని ఎవరైనా దావాలో రాస్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కింది కోర్టులను ఆదేశించింది. కాబట్టి ఆ 11 లక్షలు కొట్టు పుస్తకాల్లో ఎక్కడి నుంచి వచ్చాయో ముందుగా మీ ఆడిటరుతో కూర్చుని తేల్చుకోండి. దావా వేశాక కూర్చుంటే ఆలస్యమే. వాపసు తీసుకునేటప్పుడు కూడా నగదు వద్దు. తిరిగి ఇవ్వడానికీ అదే 20,000 పరిమితి ఉంది.

వాట్సాప్ మెసేజీ ఉన్న ఫోను మార్చకండి, రీసెట్ చేయించకండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే కోర్టులో నిలబడదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. దానికి అసలు ఫోను మీ దగ్గర ఉండటం మేలు.

ఇప్పుడు మీరు అడిగిన 'ఖర్చులు'. ఇక్కడ మీరు మూడు లెక్కలు కలిపేసి ఒకే అంకె చేశారు, అందుకే అది 50 లక్షలు దాటి కనిపిస్తోంది. మొదటిది ఇచ్చిన డబ్బు, 28 లక్షలు. దాని మీద హక్కు గట్టిది. రెండోది ఆ డబ్బు మీద వడ్డీ. నూటికి రూపాయి వడ్డీ లెక్కన ప్రతి మొత్తాన్నీ ఇచ్చిన నెల నుంచి చూస్తే, 2026 జూన్ నాటికి 5 లక్షల మీద 34 నెలలకు 1,70,000, 12 లక్షల మీద 32 నెలలకు 3,84,000, 11 లక్షల మీద 29 నెలలకు 3,19,000. మొత్తం 8,73,000. బజారులో ఇది న్యాయమైన వడ్డీ. కోర్టు మాత్రం బజారు వడ్డీ ఇవ్వాలని లేదు. దావాకు ముందు, దావా నడిచే కాలానికి వడ్డీ కోర్టు విచక్షణ. డిక్రీ తర్వాత మామూలు లావాదేవీల్లో ఏడాదికి 6 శాతం దాటదు. ఆ లెక్కన చూస్తే మీ 8,73,000లో సగమే అవుతుంది. బంగారం లోను మీద మీరెంత కట్టారన్నది ఈ లెక్కలోకి రాదు. మీ డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారన్నది మీ సొంత సంగతి.

మూడోది పెరిగిన రేటు. 300 గజాలకు గజానికి 10,000 చొప్పున 30 లక్షలు పోయాయని మీ బాధ. చెల్లెలి సగం ఆయనకు ఎన్నడూ అమ్మే హక్కు లేనిది. కాబట్టి పోయిందని మీరు న్యాయంగా అనుకోగలిగింది మహా అయితే 15 లక్షలు. అది కూడా 26,000 నిజమైతే. చెప్పే రేటు వేరు, అమ్ముడుపోయే రేటు వేరు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు ఈ బెల్టులో చెప్పిన రేటుకు కొనేవాడు దొరకలేదని మీకు గుర్తుండే ఉంటుంది. బ్రోకర్లను కాదు, గత ఆరు నెలల్లో ఆ చుట్టుపక్కల కొన్నవాళ్లను ఇద్దరిని అడగండి.

'అడ్వాన్సుకు రెట్టింపు' షరతు చూసి 56 లక్షలు వస్తాయనుకోకండి. ఒప్పందంలో జరిమానా అంకె రాసుకున్నా, కోర్టు ఇచ్చేది ఆ అంకెకు మించని సముచిత పరిహారమే. బేరంలో ఒత్తిడికి పనికొస్తుంది, అంతే. మధ్యవర్తి కమీషన్, కంచె ఖర్చు కూడా బేరంలో అడిగి తెచ్చుకోవలసినవే. బిల్లులుంటే అడగండి. వాటి కోసం ఒప్పందం చెడగొట్టుకోవద్దు.

ఇక బావ చూపిన దారులు.

వాయిదాల్లో వాపసు చెడ్డ దారి కాదు, ఆయన చెప్పిన రూపంలో మాత్రం ఒప్పుకోకూడదు. 'పాత అగ్రిమెంటు చించేద్దాం, ప్రామిసరీ నోటు రాసిస్తా' అంటారు, చూడండి. అది ఒప్పుకుంటే స్థలం మీద మీకున్న పట్టు పోయి మామూలు అప్పులవాళ్లలో ఒకరవుతారు. కొనేవాడు అడ్వాన్సుగా ఇచ్చిన సొమ్ముకు, అతని తప్పు లేనంత వరకు, అమ్మేవాడి వాటా మీద బాధ్యత (ఛార్జి) ఉంటుంది, అంటే ఆ సొమ్మును ఆ ఆస్తి నుంచే రాబట్టుకోవచ్చు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ఇచ్చిన హక్కు అది. ఆస్తి మీద ఉన్న సొమ్ముకు దావా వేయడానికి పన్నెండేళ్ల గడువు కూడా ఉంది. నోటుకు మూడేళ్లే. అందుచేత రద్దు కాగితంలో ఈ సంగతి ఉండాలి: చివరి వాయిదా బ్యాంకు ఖాతాలో పడిన రోజునే అగ్రిమెంటు రద్దవుతుంది, అప్పటిదాకా అది అమల్లో ఉంటుంది, ఒరిజినల్ మీ దగ్గరే ఉంటుంది. 28 లక్షలు ముట్టినట్టు, బాకీ ఉన్నట్టు ఆయన సంతకంతో గడువులోగా రాసిస్తే వాపసు బాకీకి కాలపరిమితి కొత్తగా మొదలవుతుంది. వాట్సాప్ మీదున్న ఆ 4 లక్షలకు కూడా దాంతో కాగితం వచ్చేస్తుంది. దీనితోపాటు ఆయన వాటా 150 గజాలను మీ పేర తనఖా రిజిస్టరు చేయించుకోగలిగితే అది ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) కనిపిస్తుంది, మూడోవాడెవడూ తెలియక కొన్నాననడానికి ఉండదు. 14 నెలలకు వడ్డీ వదలమంటే, వడ్డీకి బదులు ఈ తనఖా అడగండి. నా దృష్టిలో అది సరైన మారకం.

చెక్కులిస్తానంటే తీసుకోండి, వాటి గడియారం తెలుసుకుని తీసుకోండి. చెక్కు మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. తిరిగొస్తే బ్యాంకు నుంచి ఆ కబురు అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు ఆయనకు అందాక 15 రోజులు ఆగాలి. అప్పటికీ ఇవ్వకపోతే తర్వాతి నెల రోజుల్లో మేజిస్ట్రేటు దగ్గర కేసు వేయాలి. మీ ఖాతా ఉన్న బ్రాంచి పరిధిలోని కోర్టు సరిపోతుంది. ఇందులో ఒక్క మెట్టు తప్పినా చెక్కు కేసు నిలవకపోవచ్చు. తేదీ లేని చెక్కులు మాత్రం తీసుకోకండి.

తాడికొండ ప్లాటు మీద నాకు అనుమానమే ఎక్కువ. అది ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. వెంచరు రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) పరిధిలోదైతే లేఅవుట్ ఆమోదం నంబరు చూడండి. మొత్తం భూమి 500 చదరపు మీటర్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగండి. లేఅవుట్ ఆమోదించేటప్పుడు రోడ్లూ డ్రైన్లూ పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లను అథారిటీకి తనఖా పెట్టిస్తారు. మీకిచ్చే ప్లాటు నంబరు ఆ జాబితాలో లేదని చూసుకోండి. ఈసీ కనీసం 30 ఏళ్లకు తీయండి, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఏ నిషిద్ధ జాబితాలో సర్వే నంబరు లేదని రూఢి చేసుకోండి. ఇవన్నీ బాగుంటే, ఆ ప్లాటు విలువ 28 లక్షలకు తక్కువ కాకపోతే, నేరుగా రిజిస్ట్రేషన్ మాత్రమే. ఇంకో అగ్రిమెంటు తీసుకుంటే ఒక గుంటలోంచి లేచి ఇంకో గుంటలో కాలు పెట్టినట్టే.

మొత్తానికి ఇప్పటి రేటు అన్న మూడో దారి అన్యాయం. 300 గజాలకు 26,000 అంటే 78 లక్షలు, మీకు అగ్రిమెంటు లేనట్టే లెక్క. కానీ అందులోంచే ఒక బేరం తీయవచ్చు. ఆయన సగం ఆయన మాట ప్రకారం 16,000కు, అంటే 24 లక్షలు. ఆమె సగం ఆమె అడిగిన 26,000కు, అంటే 39 లక్షలు. మొత్తం 63 లక్షలు, సగటు గజం 21,000. మీరు ఇచ్చింది పోను 35 లక్షలు. ఇవ్వవలసిన 24 లక్షలకు మీరు బావకు ఇప్పటికే 28 ఇచ్చారు కాబట్టి ఆయన 4 లక్షలు చెల్లెలి వైపు జమ కట్టాలి. చెల్లెలికి పూర్తి రేటు వస్తుంది, ఆయనకు తన మాట నిలుస్తుంది, మీకు చిక్కు లేని 300 గజాలు వస్తాయి. రిజిస్ట్రేషన్‌కు స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి 7.5 శాతం లెక్కన 4,72,500 పెట్టుకోండి. ధర 50 లక్షలు దాటుతుంది గనుక 1 శాతం, అంటే 63,000 టీడీఎస్ వాళ్లకిచ్చే సొమ్ములోంచి మినహాయించి మీరే కట్టాలి. ఇది మర్చిపోయి తర్వాత వడ్డీతో కట్టుకునేవాళ్లు చాలామంది. మీరు 20 లక్షలే సిద్ధం చేసుకున్నారు. మిగతా 15 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చు ఎక్కడి నుంచి వస్తాయో చూసుకున్నాకే ఈ మాట ఎత్తండి. ఎత్తి వెనక్కి తగ్గితే మీ పాత హక్కుకే దెబ్బ.

ఎందుకంటే కోర్టులో మొదటి ప్రశ్న 'మీరు సిద్ధంగా ఉన్నారా' అనే. 2024 ఫిబ్రవరిలో మీ చేతిలో 20 లక్షలు ఉన్నాయని చూపాలి. బ్యాంకు నిల్వ ఒక్కటే కాదు, కోల్డ్ స్టోరేజీలో మీ పేర ఉన్న మిర్చి బాండ్లు, ఆ సీజను అమ్మకం పట్టీలు కూడా ఆధారమే. వాటిని ఇప్పుడే ఫైలు కట్టండి. ఇన్నాళ్లూ మీరు ఒక్క రాతపూర్వక నోటీసు పంపలేదన్నది మీ కేసులో బలహీనత. వకీలు ద్వారా పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో నోటీసు ఈ నెలలోనే వెళ్లాలి. 'బాకీ ఇంత, సిద్ధంగా ఉన్నాను, ఫలానా తేదీలోగా రిజిస్టరు చేయండి' అని క్లుప్తంగా ఉండాలి. చెల్లెలికి కూడా ప్రతి పంపండి. రిజిస్టరు కాని అగ్రిమెంటు ఈసీలో కనపడదు. రేపు ఎవరైనా తెలియక, పూర్తి ధర ఇచ్చి ఆయన వాటా కొంటే మీ పని కష్టం. స్థానిక దినపత్రికలో ఒక ప్రకటన వేయించడం, నెలకోసారి ఈసీ చూడటం చవకైన కాపలా.

దావా వేయవలసి వస్తే రిజిస్ట్రేషన్ అడుగుతూనే, అది కుదరకపోతే అడ్వాన్సు వడ్డీతో వాపసు, ఆయన వాటా మీద బాధ్యత అని మూడూ ఒకే దావాలో అడగాలి. వాపసు విడిగా అడగకపోతే కోర్టు తనంతట తాను ఇవ్వదు. ఉత్త వాపసుకే దావా వేస్తే తర్వాత స్థలం అడగలేరు. రిజిస్ట్రేషన్ దావాకు కోర్టు ఫీజు 48 లక్షల మీద, ఉత్త వాపసుకైతే అడిగిన మొత్తం మీద. రెరాకు వెళ్లమని ఎవరో సలహా ఇచ్చారన్నారు. తండ్రి ఇచ్చిపోయిన ఒక్క స్థలం అమ్మే మనిషి మీద అది పనిచేయదు. పోలీసు కేసు పెడితే భయపడి ఇస్తారన్న సలహా కూడా నాకు నచ్చలేదు. చెల్లెలి వాటా సంగతి తెలిసి మొదటి రోజే దాచారని చూపగలిగితే తప్ప అది సివిలు తగాదానే, పోలీసులు బాకీ వసూలు చేసిపెట్టరు.

మీ ఆవిడ మాటకు వస్తాను. కోర్టు గడప తొక్కకుండా కోర్టు డిక్రీతో సమానమైన కాగితం దొరికే చోటు ఒకటుంది, లోక్ అదాలత్. కేసు వేయకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ ఒప్పుకున్న వాయిదాలు అక్కడ అవార్డుగా రాయిస్తే దాని మీద అప్పీలు ఉండదు, వాయిదా తప్పితే కొత్త దావా అక్కర్లేకుండా నేరుగా అమలు కోరవచ్చు. పెద్దమనుషుల ముందు కుదిరిన మాటకు ఇదే సరైన ముద్ర. అయితే మీ 2027 ఫిబ్రవరి గడియారం దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఆగదు. అక్టోబరు చివరికల్లా అక్కడ తేలకపోతే దావా కాగితాలు సిద్ధమవ్వాలి.

తెనాలిలో ఉన్న ఆ చెల్లెలు మీ ఆవిడకూ చెల్లెలి వరసే కదా. ఇంతవరకూ ఆమెతో మాట్లాడింది అన్నగారు, మధ్యవర్తి. మీ ఇంటి నుంచి ఒక్కరూ వెళ్లినట్టు ఉత్తరంలో లేదు. నోటీసు చేరేలోపు మీ ఆవిడ ఒక్కరే వెళ్లి, ఆ 63 లక్షల లెక్క ఒక కాగితం మీద రాసి ముందు పెట్టి, 'నీ సగానికి నువ్వడిగిన రేటే, అన్నయ్య సగానికి ఆయన మాటే' అని చెప్పి రావచ్చు. ఆమె ఒప్పుకుంటే కొత్త అగ్రిమెంటులో ముగ్గురి సంతకాలూ ఉండాలి, ఈసారి రిజిస్టరు చేయించండి. ఒప్పుకోకపోతే ఆ కాగితం అక్కడ వదలకుండా వెనక్కి తెచ్చుకోమనండి.